ఆ వేపాకు తరువాత ఏమైంది? ఇంటి ప్రయోగాలను చివరిదాకా గమనించే పద్ధతి

పోయిన వేసవిలో బియ్యం డబ్బాలో గుప్పెడు ఎండు వేపాకు వేశాను. పది రోజుల తరువాత మూత తీసి చూస్తే ఒక్క పురుగు కూడా లేదు. ఆ సంబరంలో మా అపార్ట్‌మెంట్‌లో నలుగురికి చెప్పాను. ఇద్దరు వెంటనే చేశారు కూడా. ఆషాఢంలో పై అంతస్తు వదినగారు చేటలో బియ్యం పోసుకుని కిందికి దిగి వచ్చారు. చేట నిండా ముక్క పురుగులు తిరుగుతున్నాయి. "మీరు చెప్పినట్టే చేశాను వదినా, ఆకు కూడా నీడనే ఆరబెట్టాను" అన్నారు, ఏమాత్రం నిష్ఠూరం లేకుండా. నాలుగు మాటలు అని ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. ఆమె వెళ్లాక మా డబ్బా తెరిచాను. అక్కడా అదే సంత.

నేను చెప్పింది అబద్ధమేమీ కాదు. పదో రోజున పురుగు కనబడని మాట నిజమే. ముక్క పురుగు గింజకు సన్నని కన్నం పెట్టి, లోపల గుడ్డు పెట్టి, ఆ కన్నాన్ని మూసేస్తుంది. పిల్ల పురుగు గింజ లోపలే తిని, లోపలే పెరిగి, మన వేసవి వేడికి సుమారు నెల రోజుల్లో బయటికి వస్తుంది. అంటే నేను మూత తీసి మురిసిపోయిన రోజున కూడా అవి డబ్బాలోనే ఉన్నాయి. నేను చూసిన తేదీ తప్పు.

ప్రయోగం ఎలా చేయాలో చెప్పడానికి ఇది రాయడం లేదు. అది అందరికీ వచ్చు. మెంతులు వేస్తే పిండి బాగా పొంగుతుందట, మిరపకాయ తొడిమలు వేస్తే పాలు తోడుకుంటాయట, నిమ్మ ఉప్పు వేస్తే బకెట్టు తెల్లమరక పోతుందట. మన వంటిళ్లు సగం ఈ "అట"లతోనే నడుస్తాయి. విని, చేసి, మర్నాటికి బాగుందనుకుని, నలుగురికి చెప్పి మరిచిపోతాం. మూడు నెలల తరువాత అది ఏమైందో ఎవరూ అడగరు. ఆ మూడు నెలలను ఎలా పట్టుకోవాలో నేను ఎదురుదెబ్బలు తిని నేర్చుకున్నంత మేరకు ఇక్కడ చెబుతాను. గడువులన్నీ హైదరాబాద్ ఎండను, చలిని, నీళ్లను బట్టి వేసినవి. విజయవాడ ఉక్కపోతలోనో విశాఖ తేమలోనో ఉన్నవారు కొంత సవరించుకోవాలి.

మొదటి అడుగు: మళ్ళీ చూసే తేదీ ముందే వేయండి

పాలు రాని రోజుకు సున్నా, పనిమనిషి రాని రోజుకు ఇంటూ, గ్యాస్ మార్చిన రోజుకు చిన్న గీత. గోడ మీది క్యాలెండర్‌లో లెక్క రాసుకోవడం మనకు కొత్త కాదు. ప్రయోగానికీ అదే చాలు. అయితే చాలామంది మొదలుపెట్టిన రోజు గడిలో రాసి ఊరుకుంటారు. ఆ కాగితం వచ్చే నెల వెనక్కి తిరిగిపోతుంది, దానితో పాటు ప్రయోగమూ పోతుంది. మళ్ళీ చూడవలసిన రోజు గడిలో రాయండి. పాల లెక్క కోసమో, ఏకాదశి ఎప్పుడో చూడడానికో ఆ గడి దగ్గరికి ఎలాగూ వెళ్తారు, కన్ను దానంతట అదే పడుతుంది. ఫోనులో అలారం పెట్టుకోవచ్చు కానీ, అది మోగిన క్షణాన మనం సిటీ బస్సులో ఉంటాం. నొక్కి ఆపేస్తాం.

తేదీ పక్కనే ఇంకొక్క ముక్క రాయాలి: ఏమైతే ఇది ఓడిపోయినట్టు? ఈ ముక్క ముందే రాయకపోతే, ఆ రోజు వచ్చాక మనసు మనల్ని మోసం చేస్తుంది. రెండు పురుగులు కనబడితే "మరీ అన్ని లేవులే" అనుకుంటాం, ఇరవై కనబడితే "వేపాకు సరిగా ఎండలేదేమో" అనుకుంటాం. నా రెండో ప్రయోగానికి రాసుకున్నది ఇదీ: "45వ రోజు. రెండు గ్లాసుల బియ్యం చేటలో పోసి ఎంచాలి. రెండు డబ్బాల్లోనూ ఇంచుమించు ఒకే లెక్క వస్తే వేపాకు ఓడినట్టు."

నెలల తరబడి సాగే వాటికి అంకెల తేదీ కంటే పండుగలు నమ్మకమైనవి. రోహిణి కార్తెలో కలిపిన ఆవకాయను బోనాలకు ఒకసారి, దసరాకు ఒకసారి, నాంపల్లిలో నుమాయిష్ మొదలయ్యే జనవరి 1కి ఒకసారి చూస్తాను. ఆ రోజులను మరిచిపోవాలన్నా ఈ ఊరు మరిచిపోనివ్వదు.

రెండో అడుగు: గడువు ఎంత?

అసలు కీలకం ఇదే, అందుకే కాస్త తీరికగా చెబుతాను. "వారం చూద్దాం" అని అన్నింటికీ ఒకే గడువు పెట్టేస్తాం. కానీ ఒక్కో వస్తువుకు ఒక్కో కాలచక్రం ఉంది, గడువు దాన్ని దాటి ఉండాలి.

బియ్యం, రవ్వ, పప్పుల్లో పురుగుకు నెల పైచిలుకు. 45 రోజులు పెడితే ఒక తరం బయటపడుతుంది. వానాకాలం తేమలో మరోసారి చూడటం మంచిది. (కిలో, అరకిలో బొంబాయి రవ్వ అయితే ఈ గొడవ లేకుండా కొన్న వెంటనే వారం రోజులు ఫ్రీజర్‌లో పెట్టేస్తున్నాను. ఆ చలికి గుడ్డుతో సహా చస్తాయి. పాతిక కిలోల బస్తాకు అది కుదరదు, అందుకే వేపాకు వెతుకులాట.)

ఇడ్లీ పిండికి రెండు గడువులు. ఒకటి మర్నాటి ఉదయం, రెండోది ఆరు నెలల తరువాత. పిండిని పొంగించే బ్యాక్టీరియా మినప్పప్పుతో పాటే వస్తుంది, వాటిలో ముఖ్యమైనదాని పేరు ల్యూకోనోస్టాక్ మెసెంటరాయిడ్స్. అది పనిచేసే వేగం వంటింటి వేడిని బట్టి ఉంటుంది. మే నెలలో రాత్రి తొమ్మిదికి రుబ్బి పెడితే తెల్లవారుజామున నాలుగింటికే గిన్నె దాటి గట్టు మీదికి వస్తుంది. డిసెంబరులో, ఇక్కడ రాత్రిళ్లు 15 డిగ్రీలకు దిగే రోజుల్లో, అదే పిండి పొద్దున ఏడింటికి కూడా రుబ్బిన చోటనే ఉంటుంది. కాబట్టి ఏప్రిల్‌లో మెంతుల వల్ల పిండి పొంగిందని తేల్చినవారు ఆ మాటను పుష్యమాసంలో మరొకసారి పరీక్షించాలి. చలికాలంలో కూడా తేడా చూపిస్తేనే నేను మెంతుల ఖాతాలో వేస్తాను.

పెరుగు సంగతి చిత్రమైనది. మిరప తొడిమలు వేసి తోడు పెడితే మొదటి రోజు గట్టిగానే తోడుకుంటుంది, ఎందుకంటే గిన్నెకు అంటుకుని ఉన్న నిన్నటి పెరుగు కూడా పని చేస్తుంది. ఈ రోజు పెరుగే రేపటికి తోడు. మార్పు ఏదైనా ఉంటే అది రోజురోజుకూ పేరుకుంటుంది. అందుకే పెరుగుకు పది రోజుల గడువు, అదీ వేడినీళ్లతో కడిగిన గిన్నెలో, రోజూ ఆ వరుస పెరుగునే తోడు వేస్తూ. నాలుగో రోజుకు పుల్లబడిందా, ఎనిమిదో రోజుకు తీగ సాగిందా అన్నది చూడాలి.

మట్టి కుండకు గడువు రెండో వేసవి. ఇది చాలామందికి తట్టదు. కుండ గోడల్లోని సన్నని రంధ్రాల గుండా నీరు బయటికి చెమరుస్తుంది, ఆవిరైపోతూ లోపలి వేడిని లాక్కుపోతుంది. లెక్కకు పది లీటర్లలో 100 మిల్లీలీటర్లు ఆవిరైతే మిగిలిన నీళ్లు ఐదారు డిగ్రీలు చల్లబడాలి. బయటి వేడి లోపలికి వస్తూ ఉంటుంది కాబట్టి అంత రాదు. ఏప్రిల్ ఎండలో గాలి పొడిగా ఉంటుంది, కుండ రాజ్యమేలుతుంది. జూలై ముసురులో అదే కుండ నీళ్లు పోసిన బిందెతో సమానం. అది కుండ తప్పు కాదు. కానీ మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. నీరు ఆవిరైనచోట అవి మిగిలిపోయి, కుండ బయట తెల్లగా పొక్కులు కట్టి, రంధ్రాలను పూడుస్తాయి. కొన్న వారంలో "ఫ్రిజ్జు అక్కరలేదు" అన్నవారు రెండో ఏటి ఏప్రిల్‌లో ఏమంటారో చూడాలి.

దాన్ని కొలవడానికి నాది ఒక మోటు పద్ధతి. రాత్రి కుండను మెడ అంచుదాకా నింపి, మూత పెట్టి, ఎవరూ ముట్టుకోవద్దని చెబుతాను. పొద్దున మళ్ళీ అంచుకు తేవడానికి ఎన్ని గ్లాసులు పట్టాయో రాస్తాను. మొదటి ఏడు ఏప్రిల్‌లో మూడు గ్లాసులకు కొంచెం తక్కువ. రెండో ఏడు అదే నెలలో, అదే కిటికీ దగ్గర, ఒకటిన్నర. నీళ్లు చల్లగా లేవని అంతకు ముందే నాలుకకు తెలిసింది, ఎందుకో గ్లాసుల లెక్క చెప్పింది.

గ్యాస్‌కు గడువు రోజుల్లో కాదు, సిలిండర్లలో వేయాలి. ఇంటికి వచ్చే ఎర్ర సిలిండర్‌లో 14.2 కిలోల గ్యాస్ ఉంటుంది, ఖాళీ బరువు దాని మీదే రాసి ఉంటుంది. పప్పు నానబెట్టి వండితే గ్యాస్ కలిసివస్తుందా అన్న ప్రశ్నకు ఒక్క సిలిండర్ జవాబు చెప్పలేదు. ఆ నెలలో మీ ఆడపడుచు పిల్లలతో వచ్చి పది రోజులు ఉండి ఉండవచ్చు. చలికాలమైతే స్నానాల నీళ్లు కూడా దాని మీదే కాగుతాయి. కనీసం మూడు సిలిండర్లు అలా, మూడు ఇలా. వీలైతే పోయిన ఏడాది అవే నెలలతో పోల్చాలి. మార్చిన తేదీని మార్కర్‌తో సిలిండర్ మీద రాయకండి, అది వెళ్లిపోతుంది. నేను ఒకసారి రాశాను.

డాబా మీద సున్నం వేసేవారికి గడువు వాన తరువాత. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని పైకప్పుల కోసం ఒక విధానమే ప్రకటించింది, ఆ తరువాత మా వైపు తెల్ల డాబాలు పెరిగాయి. మార్చిలో వేసిన రోజు తేడా చేతికే తెలుస్తుంది. దుమ్ము పట్టి, వాన కొట్టి, పాచి ఎక్కాక ఎంత మిగిలిందో అక్టోబరు ఎండలో పైకప్పు కింద చెయ్యి పెట్టి చూసినవారు తక్కువ.

మూడో అడుగు: పాతదాన్ని పక్కనే ఉంచండి

కొత్త పద్ధతిని నిన్నటి జ్ఞాపకంతో పోల్చకూడదు. ఒకే రోజు, ఒకే వేడిలో, రెండూ పక్కపక్కన ఉండాలి. రెండు డబ్బాలు, ఒకే బస్తా బియ్యం, ఒకదానిలో వేపాకు. రెండు గాజు సీసాలు, ఒకే వాయి పిండి, ఒకదానిలో మెంతులు.

ఈ విషయంలో మన వంటింట్లో ఒక వరం ఉంది: కుక్కర్ గిన్నెలు. కందిపప్పు ఉడకడం లేదంటే తప్పు పప్పుదా, నీళ్లదా అని ప్రతి ఇంట్లో వాదన. ఒకే ప్యాకెట్ పప్పును రెండు గిన్నెల్లో సమంగా వేసి, ఒకదానిలో బోరు నీళ్లు, మరొకదానిలో నల్లా నీళ్లు పోసి, ఒకే కుక్కర్‌లో ఒకదాని మీద ఒకటి పెట్టండి. అదే మంట, అవే కూతలు. కాల్షియం ఎక్కువున్న నీళ్లలో పప్పు తొందరగా మెత్తబడదు. గింజ గోడల్లోని పెక్టిన్‌ను అది పట్టి బిగిస్తుంది. మా ఇంట్లో నాలుగు కూతలకు నల్లా నీళ్ల పప్పు గరిటెతో మెదిగింది, బోరు నీళ్ల పప్పు గింజ గింజగా నిలిచింది. మరుసటి వారం పై గిన్నెను కిందికి, కింది గిన్నెను పైకి మార్చి మళ్ళీ చేయండి. ఎందుకంటే కింది గిన్నెకు వేడి ఎక్కువ తగులుతుందేమోనన్న అనుమానం మామగారికి వస్తుంది, వస్తే సమాధానం చేతిలో ఉండాలి. ఆ తరువాత మళ్ళీ ఎండాకాలంలో చేయండి. నల్లా నీళ్లు తగ్గి ట్యాంకరు వచ్చే నెలల్లో సంపులో ఏ నీళ్లు ఎంత కలిశాయో దేవుడికే తెలియాలి, ఫిబ్రవరిలో తేల్చుకున్నది మేలో చెల్లకపోవచ్చు.

టీడీఎస్ మీటరు కొన్నవారికి ఒక మాట. అది నీళ్లలో కరిగిన మొత్తం లవణాలను అంచనా వేస్తుంది, కాఠిన్యాన్ని, అంటే కాల్షియం, మెగ్నీషియం ఎంత ఉన్నాయో, విడిగా చెప్పదు. తాగునీటికి భారతీయ ప్రమాణం ఈ రెండింటికీ వేర్వేరు హద్దులు పెట్టింది: లీటరుకు కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాములు, కాఠిన్యం 200. మీటరు అంకె తగ్గిందని పప్పు ఉడుకుతుందన్న హామీ లేదు.

ఒకేసారి రెండు మార్చకండి. నేను మెంతులు వేసిన వారమే ఇడ్లీ రవ్వ రకం కూడా మార్చాను. ఇడ్లీలు దూదిపింజల్లా వచ్చాయి. ఆ పుణ్యం ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంకొకటి, ఏటికి సరిపడా ఆవకాయ జాడీ మీద ప్రయోగం వద్దు. ఉప్పు తగ్గించి చూడాలనుకుంటే అరకిలో ముక్కలు పక్కకు తీసి సీసాలో కలపండి. మూడో రోజు తిరగ కలిపినప్పుడు ఊట వచ్చిందా, నెలకు ముక్క గట్టిగా ఉందా, దసరాకు బూజు పట్టిందా చూడండి. బూజు కనబడితే పైపైన తీసేసి తినవద్దు, సీసా మొత్తం పారేయండి. ఓడినా పోయేది అరకిలోనే.

కొన్నింటి జోలికి అసలు పోవద్దు. బ్లీచింగ్ పౌడరును బాత్రూం కడిగే యాసిడ్‌తో కలిపితే క్లోరిన్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. కుక్కర్ సేఫ్టీ వాల్వు, గ్యాస్ రెగ్యులేటరు, పసిపిల్లల తిండి, ఎవరివైనా మందులు: వీటి మీద "చూద్దాంలే" వద్దు. పచ్చి వెల్లుల్లిని నూనెలో ముంచి రోజుల తరబడి గట్టు మీద ఉంచడమూ అంతే. అందులో పుట్టగల విషం రుచికీ వాసనకూ తెలియదు.

నాలుగో అడుగు: కొలవడానికి ఇంట్లో ఉన్నవి చాలు

పిండి పొంగు కొలవడానికి గాజు సీసా, రబ్బరు బ్యాండు. రుబ్బి పోసిన ఎత్తులో బ్యాండు వేయండి, పొద్దున ఎన్ని వేళ్లు పెరిగిందో చూడండి. కుళాయి మీది తెల్లటి పొరకు ఫోటో, ప్రతిసారీ అదే చోట నిలబడి, అదే వెలుతురులో. కరెంటుకు మీటరు అంకె, రోజూ ఒకే గంటకు. తూకం ఉంటే మంచిది, లేకపోతే ఒకే గ్లాసు, ఒకే గరిటె వాడండి. ఆ గ్లాసును ఎవరూ మార్చకుండా చూసుకోవడం కొలవడం కంటే కష్టం.

నాలుక సాక్ష్యం మాత్రం వేరే సంగతి. ఇది నాకు మామగారి వల్ల తెలిసింది. నల్లా నీళ్లతో పెట్టిన టీకీ ఫిల్టరు నీళ్లతో పెట్టిన టీకీ తేడా గుక్కలో చెప్పగలనని ఆయన ఇరవై ఏళ్లుగా అంటున్నారు. దాదాపు ఇలాంటి పందెమే ఇంగ్లండ్‌లో ఒకసారి జరిగింది. కప్పులో ముందు పాలు పోశారా, టీ పోశారా చెప్పగలనని ఒక మహిళ అంటే, గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ 1935లో దాని మీద లెక్క కట్టి చూపించాడు. ఎనిమిది కప్పులు, నాలుగు అలా నాలుగు ఇలా, వరుస కలిపేసి ఇవ్వాలి. ఊహించి చెబితే అన్నీ సరిగ్గా రావడానికి అవకాశం 70లో ఒకటి. ఆ ఫిషర్ దగ్గరే కేంబ్రిడ్జిలో డాక్టరేట్ చేసిన మన సి.ఆర్. రావు పేరుతో హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఒక సంస్థ ఉంది. కాబట్టి ఈ లెక్క మనకు మరీ పరాయిది కాదు.

ఒక ఆదివారం రెండు ఫ్లాస్కుల్లో టీ పోసి, ఎనిమిది చిన్న గ్లాసుల అడుగున చీటీలు అంటించి, మా అబ్బాయితో వరుస కలిపించి ఇచ్చాం. ఏ గ్లాసులో ఏ టీ ఉందో అందిస్తున్న నాకూ తెలియదు, తెలిస్తే మొహంలో కనబడుతుంది. నాలుగు నల్లా టీల్లో మామగారు మూడు పట్టారు. ఇల్లంతా చప్పట్లు. కానీ కళ్లు మూసుకుని ఎంచినా మూడో అంతకంటే ఎక్కువో తగిలే అవకాశం 70లో 17, అంటే ఇంచుమించు నాలుగిట ఒక వంతు. "సరే, మూడు వారాల తరువాత మళ్ళీ" అని క్యాలెండర్‌లో రాశాను. రెండోసారి రెండే పట్టారు. ఆ రోజు టీ పొడి వేరే అని ఆయన తీర్పు. పొడి అదే. ఆ మాట మాత్రం నేను అనలేదు.

ఐదో అడుగు: నోటుపుస్తకం

క్యాలెండర్ గుర్తు చేయడానికి, పుస్తకం జ్ఞాపకానికి. చాకలి పద్దు పుస్తకమంత చిన్నది చాలు. నాది వంటింట్లో పోపుల పెట్టె పక్కనే ఉంటుంది, పసుపు మరకలతో. బీరువాలో పెట్టిన పుస్తకంలో ఎవరూ రాయరు.

ఒక పేజీ ఇలా ఉంటుంది:

"డిసెంబరు 12. మినప్పప్పు ఒక గ్లాసు, ఇడ్లీ రవ్వ రెండు. నీళ్లు: నల్లా. రాత్రి 8.30కి రుబ్బాను. ఎడమ సీసాలో మెంతులు అర చెంచా, కుడి సీసా మామూలు. పొద్దున 7: ఎడమ ఒక వేలు, కుడి అర వేలు. 10.30: ఎడమ నాలుగు వేళ్లు, కుడి మూడున్నర. రాత్రి బాగా చలి. కిటికీ తెరిచే ఉంది, ఎవరు తెరిచారో తెలియదు."

ఆ చివరి రెండు ముక్కలే తరువాత పనికొస్తాయి. ఏ నీళ్లు, ఎంత చలి, ఏ కిటికీ, ఇంట్లో ఎందరున్నారు అన్నవి ఆ రోజుకు అనవసరంగా తోస్తాయి. ఆరు నెలల తరువాత ఫలితం తలకిందులైతే కారణం వాటిలోనే దొరుకుతుంది. "బాగుంది", "పర్వాలేదు" అని మాత్రం రాయకండి. నా పాత పేజీల్లో "బాగుంది" అన్న మాట పదకొండు చోట్ల ఉంది, ఒక్కచోటైనా ఏది బాగుందో రాయలేదు.

ఆరో అడుగు: తేదీ వచ్చిన రోజు

బేగంపేటలో రొనాల్డ్ రాస్ పేరున్న భవనం ముందు నుంచి చాలామంది వెళ్తుంటారు. మలేరియా క్రిమి దోమ పొట్టలో ఉందని ఆయన సికింద్రాబాద్‌లో కనుక్కున్నది 1897 ఆగస్టు 20న. అది పాఠ్యపుస్తకాల్లో ఉంది. నాకు నచ్చేది మర్నాడు. 16వ తేదీన రోగి రక్తం తాగిన దోమను 20న కోసి చూస్తే పొట్ట గోడలో నల్లని చుక్కలున్న కణాలు కనబడ్డాయి. అవి దోమ సొంత కణాలే అయి ఉండవచ్చు కదా? 21న, 16వ తేదీనే రక్తం తాగిన మరో దోమను కోశాడు. కణాలు పెద్దవయ్యాయి. పెరుగుతున్నాయంటే బతికి ఉన్నవన్నమాట, బయటి నుంచి వచ్చినవన్నమాట. మొదటి చూపులో అనుమానంగా ఉన్నది రెండో చూపులో రుజువైంది.

మన బియ్యానికి నోబెల్ ఎవరూ ఇవ్వరు కానీ, తేదీ వచ్చిన రోజు చేయవలసింది ఇదే: మొదటిసారి చూసినట్టే, అదే గ్లాసుతో, అదే చేటలో చూడటం. పాత పేజీ ముందు చదవకండి. ముందు చూసి, అంకె రాసి, తరువాత పాతది తిప్పండి. లేకపోతే కన్ను పాత అంకె కోసమే వెతుకుతుంది.

అంకె కంటే ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది: ఇప్పటికీ చేస్తున్నామా? నిమ్మ ఉప్పు నీళ్లు నానబెడితే షవరు రంధ్రాలు శుభ్రంగా తెరుచుకుంటాయి, సందేహం లేదు. పదిహేను రోజులకోసారి చేయాలని రాసుకున్నాను. పుస్తకంలో మూడుసార్లు చేసినట్టుంది, తరువాత నాలుగు నెలల పాటు ఏమీ లేదు. పద్ధతి గెలిచింది, మా ఇంట్లో ఓడింది. ఎవరూ ఆపమనకుండా, ఎవరూ నిర్ణయించకుండా ఆగిపోయినవే ఎక్కువ. వాటిని "మానేశాం, తీరిక లేక" అని తేదీతో సహా రాయండి. ఇప్పుడు నెలకోసారి అమావాస్య నాడు చేస్తున్నాం. ఇంటి దిష్టి గుమ్మడికాయ మార్చే రోజు కాబట్టి ఎలాగూ నిచ్చెన వేస్తాం.

వేపాకు సంగతి చెప్పలేదు కదా. రెండు డబ్బాలతో మళ్ళీ చేశాను. 45వ రోజున రెండు గ్లాసుల బియ్యంలో వేపాకు డబ్బాలో 7 పురుగులు, మామూలు డబ్బాలో 11. కొంచెం తగ్గించిందేమో. ఒక్కసారి చూసిన ఇంత తేడాకు నేను ఎవరికీ సలహా ఇవ్వను. ఈ వానాకాలం మరోసారి చూడాలి.

ఏడో అడుగు: చెప్పినవారికి మళ్ళీ చెప్పండి

ఇది ఎవరూ చేయరు, ఎందుకంటే సిగ్గుగా ఉంటుంది. ప్రయోగం పేజీ చివర "ఎవరికి చెప్పాను" అని ఒక వరుస పెట్టుకోండి. ఫలితం మారినప్పుడు ఆ పేర్లు చూసి ఒక్కొక్కరికీ చెప్పాలి. నేను 7, 11 అంకెలు పట్టుకుని పై అంతస్తుకు వెళ్లాను. వదినగారు విని, లోపలికి వెళ్లి, తన క్యాలెండర్ తెచ్చి చూపించారు. నేను చెప్పకముందే ఆమె మూడో డబ్బా పెట్టారు, లవంగాలతో. గడిలో ఆగస్టు తేదీ వేసి ఉంది. ఏమైతే ఓడినట్టో కూడా రాశారా అని అడిగాను. "రాయలేదు వదినా, ఇప్పుడు రాస్తాను" అని పెన్ను కోసం లోపలికి వెళ్లారు.

చివరి అడుగు ఏడాదికోసారి వచ్చేది. ఉగాదికో జనవరికో కొత్త క్యాలెండర్ తగిలించినప్పుడు పాతదాన్ని వెంటనే అటక మీదికి పంపకండి. పన్నెండు కాగితాలూ తిప్పి, చూడకుండా దాటిపోయిన గడులన్నీ వెతికి, కొత్తదానిలో మళ్ళీ తేదీ వేయండి. ఈసారి నాకు అలాంటివి ఐదు దొరికాయి. మూడింటిని ఎక్కించాను, ఒకదానిని కొట్టేశాను. ఐదోది మార్చి 9 గడిలో "సీసా చూడాలి" అని నా చేతిరాతే. ఏ సీసానో గుర్తు రాక, అల్మారాలో ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా మూత తీసి వాసన చూస్తున్నాను.